అందిందని చెప్పి పారేసిన ప్రార్థన

2021 వేసవి. బిట్రగుంట స్టేషను ఎదురు సందులో, ఒక సైకిల్ షాపు పైన మేడగది మా ఆఫీసు. మా ఆయన రైల్వేలో పనిచేసేవాడు కాబట్టి కాపురం రైల్వే క్వార్టర్లో, కాపురం అక్కడ కాబట్టి వ్యాపారమూ అక్కడే. "సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టడానికి బిట్రగుంటే దొరికిందా నీకు?" అని నవ్వినవాళ్ళు చాలామంది. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. అద్దె తక్కువ, కరెంటు పర్వాలేదు, కిటికీ తీస్తే రైళ్ళు కనబడతాయి. ఇంతకంటే ఏం కావాలి మనిషికి?

ఆఫీసంటే నేనూ మస్తానూ. మస్తాన్‌ది కావలి. నాకంటే వయసులో చిన్న, నోట్లో పెద్ద. రైసుమిల్లులకు బిల్లింగ్ ప్రోగ్రాములు, బళ్ళకు ఫీజుల సాఫ్ట్‌వేర్లు, కల్యాణ మండపాలకు వెబ్‌సైట్లు, ఏదొస్తే అది చేసేవాళ్ళం. అంతకుముందు నేను చెన్నైలో ఒక కంపెనీలో సెక్యూరిటీ టెస్టర్‌గా చేశాను. అంటే ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో దొంగలు దూరే సందులు ఎక్కడున్నాయో వెతికి చెప్పడం. మా అత్తగారి మాటల్లో చెప్పాలంటే, ఊళ్ళోవాళ్ళ తలుపులు తోసి చూసే ఉద్యోగం.

మధ్యాహ్నం కింద బంకు నుంచి టీ వచ్చేది. టీ వచ్చేసరికి నాకూ మస్తాన్‌కూ ఏదో ఒకదాని మీద గొడవ నడుస్తుండేది. ఇప్పుడు ఆ గది లేదు, అద్దెకు తీసుకుని ఎవరో ఫోటో స్టూడియో పెట్టారు. మస్తాన్ తిరుపతిలో ఉద్యోగం చేసుకుంటున్నాడు. నేను ఒక హైదరాబాదు కంపెనీకి ఇంట్లోనే కూర్చుని పనిచేస్తున్నాను. మీటింగుల్లో నేనేమన్నా "గ్రేట్ పాయింట్ మేడమ్" అంటారు. ఒళ్ళు మండుతుంది. కాదక్కా, నీకు తెలీదులే అని మొహం మీద చెప్పే మనిషి ఒక్కడుంటే ఎంత బాగుండు అనిపిస్తుంది.

సరే, ఆ వేసవి సంగతి. కరోనా రెండోసారి విరుచుకుపడిన కాలం. రైళ్ళు తగ్గిపోయాయి. రైలు కూత వినబడని బిట్రగుంట ఎలా ఉంటుందో ఆ ఊళ్ళో కాపురం చేసినవాళ్ళకే తెలుస్తుంది. పిల్లలు ఊరెళ్ళిన ఇల్లులా ఉంటుంది. ఉదయం పూట కాసేపు అంగళ్ళు తీసేవాళ్ళు, ఆ తర్వాత రోడ్డు మీద కుక్క కూడా తిరిగేది కాదు. అలాంటి ఒక ఉదయం ప్రకాశరావు అయ్యగారు ఫోన్ చేశారు. బోగోలు మండలంలో సముద్రం పక్క ఒక పాళెంలో చర్చికి ఆయన పాస్టరు. వాళ్ళ చర్చి బడికి ఫీజుల సాఫ్ట్‌వేర్ మేమే చేశాం, అట్లా పరిచయం.

"వందనాలమ్మా రత్నమ్మా. మా ప్రార్థన పేజీ తెరిస్తే పేకాట వస్తా ఉంది తల్లీ!"

"ఏందయ్యగారూ, పేకాటా?"

"అవునమ్మా. ముసిలోళ్ళు, ఆడబిడ్డలు ప్రార్థన కోసరం తెరిస్తే, రమ్మీ ఆడు, డబ్బు గెలుచుకో అని బొమ్మలు. సంఘ పెద్ద ఒకాయన నన్నే అడిగినాడు, అయ్యగారూ ఇదేం పరిచర్య అని."

నవ్వు ఆపుకోలేక చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆ పేజీ వాళ్ళకేమిటో తెలిశాక ఆ నవ్వు కాస్తా పోయింది.

ఆ చర్చిలో ఒక పద్ధతి ఉంది. కష్టమున్నవాళ్ళు చీటీ మీద రాసి వేదిక ముందున్న చెక్కపెట్టెలో వేస్తారు. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారి భార్య, అందరూ అమ్మగారు అనే సుగుణమ్మగారు, ఆ చీటీలన్నీ ఒక్కటీ వదలకుండా పైకి చదువుతారు. పేరు, కష్టం, రాసింది రాసినట్టు. ఒక్కో చీటీ అయ్యాక సంఘమంతా ఆమెన్ అంటుంది. పేరు చదివితేనే విన్నపం పైకి పోయినట్టు వాళ్ళ లెక్క. చర్చి మూతపడ్డాక చెక్కపెట్టె స్థానంలో ఈ వెబ్ పేజీ వచ్చింది. అందులో విన్నపం టైపు చేసి పంపితే, సాయంత్రం ఆరుగంటలకు ఫోన్లో లైవ్ పెట్టి అమ్మగారు చదివేవారు. ఇంటింటా జబ్బు మనుషులున్న రోజులు. ఆ ఒక్క గంట కోసం పాళెం పాళెమంతా ఫోన్లు పట్టుకుని కూర్చునేది. ఆ పేజీని చర్చి యువజనులే వీడియోలు చూసి కట్టుకున్నారు. ప్రేమతో కట్టారు గానీ గడియ పెట్టడం మరిచిపోయారు.

వాళ్ళకు జరిగినదాన్ని మా వృత్తిలో కోడ్ ఇంజెక్షన్ అంటారు. అర్థం చేసుకోవడానికి కంప్యూటరేమీ అక్కర్లేదు. ఎవడో కొంటెవాడు చీటీలో "అందరూ లేచి ఇళ్ళకు పొండి" అని రాసి పెట్టెలో వేశాడనుకోండి. అమ్మగారు ఏం చేస్తారు? ఉన్నది ఉన్నట్టు చదివి, వాడి బుద్ధికి జాలిపడి, తర్వాతి చీటీ తీస్తారు. అంతేగానీ జనాన్ని లేపి ఇళ్ళకు పంపరు. చీటీలో ఉన్నది ఎవరో రాసిన మాట, తనకిచ్చిన ఆజ్ఞ కాదు అని ఆమెకు తెలుసు. కంప్యూటరుకు ఆ తెలివి మనం నేర్పితేనే వస్తుంది. ఇక్కడ ఎవడో ప్రార్థనకు బదులు, పేజీ తెరిచిన ప్రతివాళ్ళనూ ఫలానా పేకాట సైటుకు లాక్కుపో అని దాని భాషలో రాసి పంపాడు. అది చిత్తం అని లాక్కుపోయింది.

సరిగ్గా అప్పుడే మా అమ్మకు జ్వరమని కబురొచ్చి నేను కొడవలూరు వెళ్ళాల్సి వచ్చింది. పని మస్తాన్ మీద పడింది. చేతివాటం ఉన్నవాడు, ఒక్క పూటలో పేకాటను వదిలించాడు. మళ్ళీ రాకుండా బ్లాక్ లిస్ట్ అనేది ఒకటి పెట్టాడు. కోడ్ రాయడానికి పనికొచ్చే గుర్తులు కొన్ని ఉంటాయి. వాటిలో ఏది కనబడినా ఆ విన్నపాన్ని గడప దాటనివ్వకుండా పారేయడమే బ్లాక్ లిస్ట్ పని. పారేసిన సంగతి పంపినవాడికి చెప్పకూడదు, చెబితే దొంగ ఇంకో సందు వెతుక్కుంటాడు. అందుకని పారేసినవాళ్ళకు కూడా "మీ విన్నపం అందింది. దేవుడు మిమ్మల్ని దీవించును గాక" అన్న పేజీయే కనబడేలా చేశాడు. ఇది మస్తాన్ కనిపెట్టిన తెలివేమీ కాదు, మా వృత్తిలో చాలామంది చేసేదే.

"అయిపోయిందక్కా. ఇది తాత్కాలికం, అసలు పని నువ్వొచ్చినాక చేద్దాం" అన్నాడు ఫోన్లో. మా వృత్తిలో తాత్కాలికానికి ఆయుష్షు ఎక్కువ. అయ్యగారు సంతోషించి కొబ్బరి బోండాలు పంపించారట. నాకు ఒక్కటీ మిగల్చలేదు.

అమ్మ కోలుకున్నాక నేను తిరిగొచ్చాను. వచ్చిన మర్నాడో ఆ మర్నాడో, అయ్యగారే మోపెడ్ వేసుకుని ఆఫీసుకు వచ్చారు. పైకి రమ్మంటే రాలేదు. మూతికి గుడ్డ కట్టుకుని మెట్ల దగ్గరే నిలబడ్డారు. ఎప్పుడూ ఇస్త్రీ మడత నలగని మనిషి, చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని ఉన్నారు.

"రత్నమ్మా, రాహేలమ్మ విన్నపం నాకు రాలా. పంపినానని ఆమె అంటా ఉంది. అందింది అని ఆమె ఫోన్లో కనపడతా ఉంది గూడా. నేను కావాలనే చదివించలేదని పాళెమంతా అనుకుంటా ఉంది."

"కావాలని ఎందుకు చదివించరు అయ్యగారూ? అట్టా ఎందుకనుకుంటారు?"

ఆయన కింది మెట్టు మీద కూర్చున్నారు. తర్వాత చెప్పారు. రాహేలమ్మ ఎండుచేపలు అమ్ముకునే మనిషి. ఒక్కతే కూతురు, ఎస్తేరు. ఎస్తేరు ఒక హిందువుల అబ్బాయిని, మా కొడవలూరు అబ్బాయినే, ఇష్టపడి చేసుకుంది. పెళ్ళి వాళ్ళ ఇంటి పద్ధతిలో జరిగింది. పోకూడదని సంఘ పెద్దలు అన్నారు, అయ్యగారు పోలేదు. ఆ తర్వాత ఆయన రాహేలమ్మ ఇంటి గడప తొక్కలేదు. ఆమె మాత్రం ఆదివారం మానలేదు, వచ్చి వెనక చాప మీద కూర్చునేది. ఇప్పుడు ఎస్తేరు నెల్లూరులో ఆసుపత్రిలో ఉంది, ఊపిరితిత్తులు పాడై ఆక్సిజన్ మీద.

"రోజూ సాయంత్రం లోకంలో అందరి పేర్లూ చదువుతా ఉండారు, నా బిడ్డ పేరు మీ నోటికి రాలేదా అని నిన్న మా గేటు పట్టుకోని ఏడ్చిందమ్మా. రాలేదు తల్లీ అంటే నమ్మదు. ఎట్టా నమ్ముతాది?" అన్నారు ఆయన.

నిజం చెబుతున్నాను, నేనూ నమ్మలేదు. అయ్యగారు పక్కన పడేసి ఉంటారు, ఇప్పుడు ఊరు అడిగేసరికి కంప్యూటరు మీద తోస్తున్నారు అనుకున్నాను. కంప్యూటరు మీద తోసేవాళ్ళను ఎంతమందిని చూశానో ఈ వృత్తిలో. పైగా మా కొడవలూరు అబ్బాయిని చేసుకుంటే పెళ్ళికి పోని పెద్దమనిషి అనేసరికి నాకు పౌరుషం కూడా వచ్చింది. "సరే అయ్యగారూ, చూస్తాం" అని ముక్తసరిగా చెప్పి పంపించాను. ఆయన బండి సందు తిరగ్గానే మస్తాన్ కంప్యూటరు ముందు కూర్చుని విన్నపాలు దాచే డేటాబేసంతా గాలించాడు. రాహేలమ్మ పేరుతో ఒక్క విన్నపమూ లేదు. అయ్యగారు తీసేసి ఉంటే తీసేసిన ఆనవాలు ఉండాలి, అదీ లేదు. అసలు లోపలికే రాలేదు.

"మరి ఆమె ఫోన్లో అందింది అని ఎట్టా వచ్చింది?" అన్నాను.

మస్తాన్ గడ్డం గోక్కున్నాడు. "పోయి చూస్తే గానీ చెప్పలేనక్కా."

మర్నాడు కర్ఫ్యూ సడలింపు వేళలో వాడి బండి మీద పాళెం వెళ్ళాం. చేపల వేట నిషేధం రోజులు కావడంతో పడవలన్నీ ఇసకలోకి లాగి ఉన్నాయి. రాహేలమ్మ భర్త పందిరి కింద కూర్చుని వల కుట్టుకుంటున్నాడు. మేం ఎవరమో చెప్పగానే రాహేలమ్మ లోపల్నుంచి విసురుగా వచ్చింది. బక్కపల్చటి మనిషి, కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అయ్యగారు పంపినాడా? ఏం చెప్పమన్నాడు?"

"ఏమీ చెప్పమనలేదమ్మా. మీరు విన్నపం ఎట్టా పంపుతారో ఒక్కసారి మా ముందర పంపి చూపించండి. యాడ పోతా ఉందో పట్టుకుంటాం" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. ఫోన్ తెచ్చి, కొంగుతో అద్దం తుడిచి, పేజీ తెరిచింది. మేం దూరంగా నిలబడి మెడలు సాచి చూస్తున్నాం. మొదట ఆమె మాటలేమీ రాయలేదు. గుర్తుల మీటలు తెరిచి ఒక నిలువుగీత వేసింది. కిందికి దిగి రెండు అడ్డగీతలు, ఒక నిలువుగీత, మళ్ళీ రెండు అడ్డగీతలు. దాని కింద ఇంకా నిలువుగీతలు. సిలువ. ఎంత శ్రద్ధగా వేసిందంటే, ఒక గీత పక్కకు జరిగితే చెరిపి మళ్ళీ వేసింది.

"అదేందమ్మా?" అన్నాను, తెలిసినా.

"సిలువ. అది వెయ్యకుండా నేనేం రాస్తాను? పచారీ చీటీ మీద గూడా వేస్తా."

మా ఇంట్లో శ్రీ పెట్టకుండా చింతపండు చీటీ కూడా రాయరు. మస్తాన్ వాళ్ళింట్లో కాగితం నెత్తిన 786 ఉండాల్సిందే. శ్రీ అయినా, 786 అయినా మస్తాన్ బ్లాక్ లిస్ట్‌ను దాటుకుని హాయిగా లోపలికి పోతాయి. పోనిది ఆ సిలువ ఒక్కటే, అదీ చర్చి పేజీలోకి. డేటాబేసు భాషలో పక్కపక్కనే రెండు అడ్డగీతలొస్తే, ఇక్కణ్ణుంచి మిగతాది చదవకు అని అర్థం. దొంగలు దాన్ని బాగా వాడుకుంటారు. అందుకని మస్తాన్ లిస్టులో అది మొదట్లోనే ఉంది.

నేను మస్తాన్ వైపు తిరిగాను. "అక్కా, నేనే" అని అక్కడే ఇసకలో చతికిలబడ్డాడు. తర్వాత దాచకుండా చెప్పాడు ఆమెకు. దొంగల్ని ఆపడానికి పెట్టిన కాపలా పెద్దమ్మా, ఆ గీతలు చూసి ఆపేసింది, ఆపినట్టు దొంగకు తెలియకూడదని అందింది అని చెప్పింది, అయ్యగారి దాకా మీ విన్నపం పోనే లేదు, ఆయన తప్పేం లేదు అన్నాడు.

రాహేలమ్మకు అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"అంటే నా సిలువను చూసి దొంగదనుకున్నాదా మీ మిషను?"

"అవును పెద్దమ్మా."

"అనుకుంటే అనుకున్నాది. పొమ్మని చెప్పొచ్చు గదా నాయనా! పొమ్మంటే నేను నడిచైనా పోయి ఆయన గేటు కాడ నిలబడి చెప్పుకుందును. అందిందంటే అందిందనుకోని కూచున్నానే! రోజూ ఆరుకి ఫోను పెట్టుకోని, ఇప్పుడు చదువుతారు, ఇప్పుడు చదువుతారు అని..."

వల కుడుతున్న మనిషి చెయ్యి ఆగింది. నాకు ఆ పందిరి గుంజ పట్టుకుని ఏడవాలనిపించింది, ఏడ్చాను కూడా.

మస్తాన్ కళ్ళు తుడుచుకుని, "పెద్దమ్మా, ఆ గీతలు లేకుండా ఇప్పుడే రాసి పంపు, టక్కున పోతాది" అన్నాడు.

"రాయను" అంది రాహేలమ్మ. "సిలువ తీసేసి ప్రార్థన పంపమంటావా? నా బిడ్డ కోసరం ఏమైనా చేస్తాను గానీ, అది మాత్రం చెయ్యను."

"నోర్ముయ్యరా" అన్నాను నేను మస్తాన్‌ని. "అమ్మా, మీరు ఏం తీయాల్సిన పని లేదు. సాయంత్రం లోపల మేమే సరిచేస్తాం. నేను ఫోన్ చేసినాక పంపండి." చెప్పడమైతే గట్టిగా చెప్పాను. నెల్లూరు నుంచి ఏ నిమిషంలో ఏ కబురొస్తుందో తెలియదు, ఆ లోపల ఆ పిల్ల పేరు చదివించగలమా అని బండి మీద తిరిగొస్తున్నంతసేపూ అదే ఆలోచన.

ఆ మధ్యాహ్నం చేసిన పని గురించి చెప్పాలి, అదే అసలైన పని కనుక. దొంగ గుర్తులు ఇవీ అని జాబితా రాసుకుంటూ పోతే దానికి అంతు ఉండదు. దొంగ కొత్త గుర్తు కనిపెడతాడు, పాతగుర్తు వాడుకునే అమాయకుడు బలవుతాడు. సరైన పద్ధతి వేరు. ఎవరు ఏం రాసినా లోపలికి రానివ్వాలి, కానీ రాసినదానికి చేతులూ కాళ్ళూ ఇవ్వకూడదు. డేటాబేసు దగ్గర దీనికి ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ అని ఉంది. మనం ఇచ్చే ఆజ్ఞ ఒక దారిన, జనం రాసిన మాట ఇంకో దారిన పోతాయి. రెండూ కలవవు కాబట్టి మాటను ఆజ్ఞ అని పొరబడే అవకాశమే ఉండదు. తిరిగి పేజీ మీద చూపించేటప్పుడు చేసేదాన్ని ఎస్కేపింగ్ అంటారు. ఇది చదవడానికే, చేయడానికి కాదు అని ప్రతి గుర్తుకూ ముద్ర వేసి పంపడం. అంటే ఏం చేశాం? కంప్యూటరుకు సుగుణమ్మగారి బుద్ధి నేర్పాం.

బ్లాక్ లిస్ట్ మొత్తం పీకేశాం. పరీక్ష కోసం మస్తాన్ తనకు తెలిసిన దొంగ కోడ్‌లన్నీ వరసగా విన్నపాల పెట్టెలో పడేశాడు. అన్నీ లోపలికొచ్చాయి, అన్నీ పేజీ మీద చచ్చిన అక్షరాల్లా పడుకున్నాయి. ఒక్కటీ కదల్లేదు. ఇంతలో అమ్మగారి నుంచి ఫోన్. "ఏమ్మా రత్నమ్మా, ఎవరో ఇంగ్లీషులో బ్రాకెట్లు బ్రాకెట్లుగా రాసి పంపినారు. ఇయ్యి గూడా చదవాల్నా?" అని. ఆమె నిజంగానే చదివేసేలా ఉంది. వాటిని తుడిపించి రాహేలమ్మకు ఫోన్ చేశాను. కాసేపటికి విన్నపం వచ్చింది. పైన సిలువ, కింద మాటలు. మేమిద్దరం తెర మీద చదివాం.

"ప్రభువా, నా బిడ్డ ఎస్తేరు నెల్లూరు ఆసుపత్రిలో ఉండాది. ఊపిరి అందడం లేదు. నన్ను లోపలికి పోనీలేదు. నువ్వు పో. దాని మొగుడు బయట చెట్టు కింద కూచోని ఉండాడు. తిన్నాడో లేదో, ఆ బిడ్డను గూడా చూడు. అయ్యగారు దాని పెళ్ళికి రాలేదు. అప్పట్నించీ మా గడప తొక్కలేదు. ఆయన్ను క్షమించు. నాకు చేతగాలేదు."

మస్తాన్ నా వైపు చూశాడు. "అక్కా, ఇది లైవులో చదువుతారు. ఊరంతా వింటాది. ఆ చివరి ముక్క..."

"ఏం, తీసేద్దామంటావా? మొన్న సిలువను చూసి తీసేసింది మిషను, ఇవాళ ఈ మాటను చూసి మనం తీసేద్దాం. బాగుంది" అన్నాను. వాడు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. అయినా మనసు ఊరుకోక అయ్యగారికి ఫోన్ చేశాను. "రాహేలమ్మది వచ్చిందయ్యగారూ. లైవుకు ముందర ఒకసారి మీరు చూసుకోండి" అన్నాను.

"చూసేదేముందమ్మా? వచ్చింది, అది చాలు. ఆరుకి అమ్మగారు చదువుతాది" అన్నారు. ఆ గొంతులో సంతోషం విని నాకు ఇంకా భయమేసింది.

ఆరుగంటలకు మా పాత కంప్యూటరు ముందు ఇద్దరం కూర్చున్నాం. అమ్మగారు కళ్ళజోడు పెట్టుకుని మొదలుపెట్టింది. ఇంకెవరివో విన్నపాలు రెండు మూడు అయ్యాక, "రాహేలమ్మ, తన బిడ్డ ఎస్తేరు కొరకు" అంది. చదువుతూ చెట్టు కింద అల్లుడి దాకా వచ్చింది. తర్వాతి మాట దగ్గర ఆగిపోయింది. ఆమె భర్త వైపు చూసింది. ఆయన చెయ్యి చాచి ఫోన్ తీసుకున్నారు, ముందు తనలో తను చదువుకున్నారు. మస్తాన్ నా మణికట్టు పట్టుకున్నాడు. దాటేయడం ఎంతసేపు? నీ బిడ్డను దేవుడు చూస్తాడు, ఆమెన్ అంటే అయిపోతుంది. ఎవరికీ తెలియదు, రాసినామెకు తప్ప.

అయ్యగారు దాటేయలేదు. "అయ్యగారు దాని పెళ్ళికి రాలేదు" అని పైకి చదివారు. ప్రతి మాటా విడివిడిగా, వేదిక మీద వాక్యం చదివినట్టే చదివారు. "ఆయన్ను క్షమించు. నాకు చేతగాలేదు" దగ్గర ఆగి, నీళ్ళు తాగి మళ్ళీ మొదటి మాట నుంచి చదివారు. కళ్ళు మూసుకుని ఎస్తేరు కోసం, ఆమె భర్త కోసం, పేర్లు చెప్పి ప్రార్థన చేశారు. తెర పక్కన ఒక్కొక్కరి ఆమెన్‌లు వచ్చి పడుతున్నాయి, చూస్తుండగానే పైనవి కనబడకుండా పోయేటన్ని. నేను చర్చికి పోయే మనిషిని కాను. నా నోటి నుంచి కూడా ఆ మాట వచ్చేసింది, మస్తాన్ నోటి నుంచీ వచ్చింది.

మర్నాడు తెల్లారగానే అయ్యగారు పోలీసుల దగ్గర పాసు తీసుకుని మోపెడ్ మీద నెల్లూరు వెళ్ళారు. ఆసుపత్రి బయట మా కొడవలూరు అబ్బాయి పక్కన కూర్చున్నారు. అమ్మగారు కట్టిచ్చిన టిఫిను వాడికి పెట్టారు. ఆ తర్వాత కూడా వెళుతూనే ఉన్నారు. ఎస్తేరు బతికింది. డాక్టర్లు కాపాడారు అంటాను నేను, ప్రభువు కాపాడాడు అంటుంది రాహేలమ్మ. ఆ తగవులోకి ఇప్పుడు పోను.

అప్పటి నుంచీ ఎవరి కోడ్ చూసినా నేను వెతికే సందులు మారాయి. దొంగ ఎక్కణ్ణుంచి దూరతాడన్నది అందరూ చూస్తారు, చూడాలి కూడా. దొంగ కానివాణ్ణి పట్టుకుంటే నీ ప్రోగ్రాము వాడితో ఏం చెబుతుంది అని కూడా అడుగుతాను. కాదంటే కాదని చెప్పు, అందకపోతే అందలేదని చెప్పు. మీటింగులో ఈ మాటంటే కుర్ర ఇంజనీర్లు గ్రేట్ పాయింట్ మేడమ్ అంటారు. వాళ్ళకు రాహేలమ్మ గురించి చెప్పాలనిపిస్తుంది, టైమైపోతుంది.

ఎస్తేరు ఇంటికొచ్చిన వారంలో అయ్యగారు మళ్ళీ ఫోన్ చేశారు. రాహేలమ్మ నుంచి ఇంకో విన్నపం వచ్చిందట. "అయ్యగారి గురించి ముందు రాసింది కొట్టేయండి. ఇప్పుడు చేతనయింది" అని రాసిందట.

"కొట్టేయమంటారా అయ్యగారూ? నిమిషం పని" అన్నాను.

అవతల సముద్రపు హోరు వినబడుతోంది.

"వద్దులేమ్మా, ఉండనీండి" అన్నారు. "ఆ విన్నపం ఆమెకు ఇంక అవసరం లేకపోవచ్చు. నాకు ఉంది."